అమ్మమ్మకి బస్సు పడదు

కొందరికి బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. కొందరికి తల దిమ్మెక్కుతుంది. పిట్టవాళ్ల అమ్మమ్మకి వయసు తగ్గుతుంది.

మరీ ఎక్కువేం కాదు. మార్కెట్‌కి వెళ్లొస్తే ఓ పదేళ్లు. బస్సు దిగి, సంచీ ఊపుకుంటూ వీధిలోకొస్తుంటే ఎదురింటి టైలరమ్మ మిషను ఆపి, "ఏం పిన్నీ, మార్కెట్‌కా? కళకళ్లాడిపోతున్నావు" అనేది. "ఆ, నా కళ సంగతెందుకులే గానీ, ఈ టమాటాలు చూడు, అన్నీ మెత్తబడినవే అంటగట్టాడు" అనేది అమ్మమ్మ. ఇంట్లోకొచ్చి తలుపేసుకుని, మంచం మీద కాళ్లు బారజాపుకుని ఓ నిద్ర తీసేదంటే లేచేసరికి మళ్లీ ఎప్పటి అరవై ఎనిమిదే. కూర్చుని కునికితే లాభం లేదు. నడుం వాల్చాలి, కాళ్లు చాపాలి, గురక రావాలి. అప్పుడే వయసొచ్చేది.

మందులు వాడకపోలేదు. నిమ్మకాయ వాసన చూడమంటే చూసింది. కిటికీ పక్కన కూర్చోమంటే కూర్చుంది. డ్రైవరు వెనక సీటైతే కుదుపు తెలీదన్నారు, అదీ అయింది. తగ్గేది తగ్గుతూనే ఉంది. చేసేది లేక సంచిలో ఓ పిన్నీసుల డబ్బా పడేసుకునేది, దారిలో నడుం సన్నబడి బట్టలు జారకుండా. పిట్టకి ఊహ తెలిసినప్పట్నుంచీ ఇంతే. అంతకుముందు మాత్రం ఆవిడకి బస్సు సుబ్బరంగా పడేదట. ఈ గోల ఎప్పుడు మొదలైందో ఆ ఇంట్లో ఎవరూ తీరిగ్గా కూర్చుని ఆలోచించలేదు.

ఒక్క టికెట్ దగ్గరే చిక్కు. ఒకసారి దూరపు పెళ్లికి వెళ్తూ పెద్దవాళ్లకిచ్చే తగ్గింపు టికెట్ కొంది. సగం దారిలో చెకింగ్ ఆయన ఎక్కి చూస్తే ఆ టికెట్ పట్టుకుని నిండా నలభై ఐదేళ్లు లేని మనిషి కూర్చునుంది. బస్సు నిండా జనం చూస్తుండగా జరిమానా కట్టించాడు. ఆ రోజుతో లెంపలేసుకుంది. ఎక్కేటప్పుడు జుట్టు ఎంత తెల్లగా ఉన్నా సరే, ఫుల్ టికెట్టే.

ఇక పిట్ట. అది ఆ పిల్ల అసలు పేరు కాదు. చిన్నప్పుడు కంచం ముందు కూర్చుని మెతుకు మెతుకూ ఏరుకు తినేదని అమ్మమ్మే అలా పిలిచింది, అదే ఉండిపోయింది. పిట్టకి పదిహేడేళ్లు. దాని ఐదో ఏటే తల్లి పోయింది. తండ్రి లారీ మీద తిరుగుతాడు. ఫోన్ చేస్తే ఏ ఊళ్లో ఎత్తుతాడో ఆయనకే తెలీదు. మంచివాడే, నోట్లో నాలుక లేనివాడు. ఆ ఇంట్లో అన్నిటి గురించీ మాట్లాడుకునేవాళ్లు, గ్యాసు, కరెంటు, లారీ టైర్లు, ఎదురింటి పెళ్లిళ్లు. తల్లి గురించి మాత్రం మాట ఎత్తేవాళ్లు కాదు. గోడ మీద ఫోటోకి దుమ్ము తుడవడం వరకే.

పిట్టకి దూరపు పట్నంలో కళ్లద్దాల కోర్సులో సీటొచ్చింది. కళ్లు పరీక్ష చెయ్యడం, అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం, అదీ చదువు. చిన్నప్పట్నుంచీ అమ్మమ్మ కళ్లజోడు విప్పి బిగించడమే దాని ఆట. కాలేజీవాళ్లు చెప్పింది ఒకటే: ఫలానా రోజు పొద్దున్న సర్టిఫికెట్లతో రావాలి. పద్దెనిమిది నిండలేదు కాబట్టి గార్డియన్ పక్కనుండి సంతకం పెట్టాలి. రాకపోతే సీటు తర్వాతవాళ్లకి పోతుంది. లారీ ఎక్కడో ఎడారి దారిలో ఉంది. ఇక మిగిలింది అమ్మమ్మే.

"ముందురోజే వెళ్లి లాడ్జిలో దిగుదాం. నువ్వు పడుకుంటే తెల్లారేసరికి వచ్చేస్తుంది" అంది పిట్ట. ఫోన్ చేసి కనుక్కుంది కూడా. పద్దెనిమిది లోపు పిల్లలకి విడిగా గది ఇవ్వరు, పెద్దవాళ్లు వెంట ఉండాలి, వాళ్ల గుర్తింపు కార్డు ఉండాలి అన్నారు. పెద్దావిడ ఉంది, కార్డూ ఉంది. ఇంకేం కావాలి?

టైలరమ్మే ఉండబట్టలేక అడిగింది. "అంతా బానే ఉంది పిన్నీ. పిల్ల హాస్టల్లో చేరాక చూసి రావడానికి ఒక్కదానివీ ఎలా వెళ్తావు? అంత దూరమంటే దిగేసరికి నిన్నే ఎవరో ఎత్తుకోవాల్సొస్తుందేమో!"

అమ్మమ్మ నవ్వేసింది. పిట్ట నవ్వలేదు. ఆ రాత్రి పెట్టె సర్దుతూ, "నేను వెళ్లనులే అమ్మమ్మా, ఇక్కడే ఏదో ఒకటి చదువుకుంటా" అంది.

"నోర్మూసుకుని సర్టిఫికెట్లు పెట్టుకో. వెళ్లదట, వెళ్లదు!"

పొద్దున్నే బస్సెక్కారు. పిట్ట లెక్క ఏమిటంటే, నలభై దగ్గర ఆగుతుందిలే అని. అంత దూరం అమ్మమ్మ ఎప్పుడూ వెళ్లలేదు కాబట్టి ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలీదు. టీ కోసం ఆపినచోట దిగేసరికి జుట్టు ముక్కాలు నల్లబడింది. పెద్ద వంతెన దాటాక కళ్లజోడు తీసి, "ఏంటే ఇవి, పెట్టుకుంటే మసగ్గా ఉంటున్నాయి" అని సంచిలో వేసింది. మధ్యాహ్నానికి ముందుపళ్ల సందు పూడుకుపోయింది. నలభై వచ్చింది, వెళ్లింది. ముప్ఫై వచ్చింది, అదీ వెళ్లింది. పిట్ట పిన్నీసు మీద పిన్నీసు పెడుతోంది. పట్నం పొలిమేర్లకొచ్చేసరికి పక్క సీట్లో సన్నగా, బారెడు జడతో, వేరుశెనక్కాయలు పళ్లతో టకటకా కొరుకుతూ ఓ పిల్ల కూర్చునుంది. బయట బోర్డు మీద ఏ బొమ్మ కనిపించినా నవ్వే.

"నవ్వకే అమ్మమ్మా, నాకు భయమేస్తోంది" అంది పిట్ట.

"భయమెందుకే, నేనున్నానుగా" అంది ఆ పిల్ల, ఇంకో గుప్పెడు దాని చేతిలో పోస్తూ.

ముందు ఫోన్ చేసి మాట్లాడుకున్న లాడ్జికే వెళ్లారు. కౌంటర్లో ఉన్నతను కార్డు తీసుకున్నాడు, పుట్టిన తేదీ చూశాడు, తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరూ మైనర్లే ఉన్నారు. ఇందులో ఎవరికి ఎవరు గార్డియనమ్మా?"

"ఒరే అబ్బాయ్, మీ అమ్మకంటే పెద్దదాన్ని నేను" అంది అమ్మమ్మ.

"అయ్యుంటారండీ, నేను కాదనట్లేదు. బస్సు పడలేదనుకుంటా. కానీ ఆ వయసు ఇప్పుడు ఉండాలి కదండీ."

"పడుకుంటే వచ్చేస్తుందయ్యా!"

"వచ్చాక రండి. గది అట్టేపెడతాను."

"పడుకోవాలంటే గది కావాలి కదా!"

"గది ఇవ్వాలంటే వయసుండాలి కదా" అన్నాడు అతను. అతనేమీ దురుసుగా అనలేదు. ఆ మాట అన్నాక తనే కాస్త ఆలోచనలో పడ్డాడు కూడా. అయినా గది మాత్రం ఇవ్వలేదు.

రెండో లాడ్జి ఇరుకు సందులో ఉంది, కింద చెప్పుల దుకాణం, పైన లాడ్జి. మెట్లెక్కగానే ఒక సోఫా, దానికెదురుగా కౌంటరు, గోడకి బోర్డు. పద్దెనిమిదేళ్లు నిండని వారికి విడిగా గది ఇవ్వబడదు. గుర్తింపు కార్డు అసలుది చూపవలెను, జిరాక్సు చెల్లదు. సోఫాలో పడుకోరాదు. ఆ మూడోది ఎవరో చేత్తో రాసి అతికించారు.

కౌంటర్లో ఉన్నావిడ ఉతికిన తువ్వాళ్లు మడతపెడుతోంది. నలభై పైబడిన మనిషి, మాటకి ముందు నిట్టూర్పు ఆవిడ అలవాటు. పిట్ట మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేసింది, కాలేజీ, రేపు పొద్దున్న, గార్డియను, బస్సు.

ఆవిడ నిట్టూర్చింది. "మా చిన్నాన్నకి పడవ అంతే. రేవు దాటేసరికి మీసాలుండేవి కావు. అవతలి ఒడ్డున మా పిన్ని గుర్తుపట్టలేక నానా అవస్థా పడేది. మీ బాధ నాకు తెలీకపోలేదమ్మా. కానీ మొన్నీమధ్యే చెకింగ్‌కొచ్చి, కార్డులో మొహం, గదిలో మొహం ఒకటి కాకపోతే లాడ్జికి తాళం వేస్తామని చెప్పి వెళ్లారు. ఆ తాళంతో పాటు నా ఉద్యోగమూ పోతుంది. అదిగో, పైన కెమెరా. ఓనరు ఇంట్లో కూర్చుని ఇదే చూస్తుంటాడు, ఆయనకి వేరే సీరియల్ అక్కర్లేదు."

"ఈ సోఫాలో కాసేపు…" అంది అమ్మమ్మ.

ఆవిడ చేత్తో రాసిన కాగితం వైపు చూపించింది. "కూర్చోండి. ఎంతసేపైనా కూర్చోండి. పడుకోవడమే కుదరదు."

బస్టాండు బెంచీల మీద పడుకోకుండా మధ్య మధ్యలో ఇనప కడ్డీలు పెట్టారని పిట్ట దిగేటప్పుడే చూసింది. సోఫా చివర కూలబడి, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుంది. రేపు పొద్దున్న తన పక్కన జడ ఊపుకుంటూ నిలబడి, నేనే గార్డియన్ అంటుంది అమ్మమ్మ. పక్కకి జరగమ్మా, పెద్దవాళ్లెవరూ రాలేదా అంటారు. అంతే, సీటు తర్వాతవాళ్లకి.

"నిద్ర కాకుండా ఇంకో దారేం లేదా?" అంది కౌంటర్ ఆవిడ, తువ్వాలు మడత ఆపి.

పిట్ట ముక్కు తుడుచుకుంది. "దిగులు పెట్టుకుంటే కొంచెం వస్తుంది. ఒకసారి మార్కెట్ నుంచి వచ్చినరోజు నాన్న లారీ పంక్చరని ఫోనొస్తే, పడుకోకుండానే మూడేళ్లు వచ్చేశాయి."

"మరి ఇంకేం! దిగులుకేం కరువమ్మా లోకంలో" అంది ఆవిడ. "మొదలుపెట్టు."

పిట్ట అమ్మమ్మ వైపు తిరిగింది. "అమ్మమ్మా, వచ్చేటప్పుడు గ్యాస్ కట్టేశావా?"

అమ్మమ్మ వేరుశెనక్కాయ నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. "కట్టేశాననే… కట్టేశానా? పాలు కాచాను… ఓరి దేవుడా." కనుబొమల మధ్య సన్నటి గీత పడింది. ఏడాదిన్నర వచ్చినట్టుంది.

"పెరటి తలుపు గొళ్లెం?"

"వేశాను. వేశానంటే, నువ్వు వేస్తావనుకున్నాను."

ఇంకో ఏడాది. కౌంటర్ ఆవిడ ఉత్సాహంగా ముందుకి వంగింది. "మీ ఊళ్లో నీళ్ల పన్ను పెంచారట కదండీ, విన్నారా?" మెట్లెక్కి వస్తున్న ఒక సబ్బుల సేల్స్‌మన్, సంగతేమిటని అడిగి తెలుసుకుని, సంచీ దింపి తనూ ఓ చెయ్యేశాడు. "నూనె ధర మళ్లీ పెరుగుతోందండీ. మా కంపెనీలో అందరూ అదే అనుకుంటున్నారు." అమ్మమ్మకి కళ్లకింద కాస్త నలుపొచ్చింది. పిట్ట నాన్న షుగరు సంగతి ఎత్తింది. కౌంటర్ ఆవిడ ఈ కాలం హాస్టల్ తిండి సంగతి ఎత్తింది. సేల్స్‌మన్ తన మోకాలి నొప్పి గురించి చెప్పుకున్నాడు, అది ఎవరికీ పనికిరాలేదు.

పిన్నీసులు ఒక్కొక్కటే తియ్యాల్సొచ్చింది. ఇరవై ఐదు, ఇరవై ఎనిమిది, ముప్ఫై. అక్కడికొచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఏం చెప్పినా, "ఆ, చూద్దాంలే" అంటోంది. ముప్ఫై ఏళ్లప్పుడు అమ్మమ్మ మహా ధైర్యస్తురాలని అందరూ అనేవారు, నిజమే కాబోలు. సేల్స్‌మన్ తన గదికి వెళ్లిపోయాడు. కిటికీలోంచి పడే ఎండ సోఫా కాళ్లదాకా వచ్చింది.

"ముప్ఫై అంటే మేజరే కదండీ. ఇప్పుడు ఇవ్వొచ్చుగా?" అంది పిట్ట.

కౌంటర్ ఆవిడ కార్డు తీసి అమ్మమ్మ మొహం పక్కన పెట్టి చూసింది. ఇవ్వాలనే ఉంది ఆవిడకి, మొహంలో తెలుస్తోంది. "వయసు సంగతి సరేనమ్మా. మొహం? ఈ ఫోటోలో ఆవిడకీ ఈవిడకీ అసలు పోలికే లేదు. ఆ మాటకొస్తే…" అని ఆగి, అమ్మమ్మని అడిగింది. "ఏమనుకోకండి, మామూలుగానైనా మీరు ఈ ఫోటోలోలా ఉంటారా?"

"ఉండను" అంది అమ్మమ్మ. "ఒక్క రోజే అలా ఉన్నాను."

కార్డు తను తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత, "పిట్టా, కిందకెళ్లి టీ పట్రా" అంది.

"నేనెళ్లను."

"వెళ్లవే."

"వెళ్లను. నువ్వేం తల్చుకోబోతున్నావో నాకు తెలుసు. ఎప్పుడూ ఇంతే, నన్ను ఎక్కడికో పంపించి నువ్వొక్కదానివే తల్చుకుంటావు. నాన్నా అంతే. నేనున్నప్పుడు తల్చుకో. నాకూ అమ్మే."

అమ్మమ్మ తల దించుకుంది. కౌంటర్ ఆవిడ మడతపెట్టిన తువ్వాళ్లే విప్పి మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఇది మీ అమ్మ పోయిన వారంలో తీసిన ఫోటో" అంది అమ్మమ్మ. "నిన్ను బళ్లో వెయ్యాలి. తల్లి లేదు కాబట్టి గార్డియన్ ఎవరో రాయించాలి, ఆ మనిషికి కార్డు ఉండాలి అన్నారు. నాకు అప్పటిదాకా కార్డెందుకు? ఎక్కడికెళ్లాను గనక. మీ నాన్న గోడవైపు తిరిగి పడుకున్నవాడు లేవలేదు. నీకు జడేసి, నీ చెయ్యి పట్టుకుని నేనే కార్డు తీయించే ఆఫీసుకి వెళ్లాను, బస్సులో. నువ్వు కిటికీ పక్కన నిలబడి, అమ్మ ఏ స్టాపులో ఎక్కుతుంది అమ్మమ్మా అని అడిగావు."

పిట్ట ఫైలు పక్కన పెట్టి దగ్గరికి జరిగింది.

"వచ్చే స్టాపులో అన్నాను. ఏమనాలో తోచలేదే. ఆ స్టాపు వచ్చింది. ఎక్కేవాళ్లందర్నీ చూశావు నువ్వు, ఒక్కొక్కళ్లనీ. తలుపు పడింది. మళ్లీ అడిగావు. వచ్చే స్టాపులో అన్నాను. ఆ ఆఫీసుదాకా అన్ని స్టాపులూ అలాగే చెప్పాను. నువ్వు ప్రతిసారీ నమ్మావు."

జుట్టు తెల్లబడుతోంది, పాపిడి దగ్గర మొదలై చెవుల వెనకదాకా. గొంతు మారింది. చేతుల మీద నరాలు పైకొచ్చాయి.

"అక్కడ ఫోటో తీసేవాడు, నవ్వక్కర్లేదమ్మా, ఊరికే ఇటు చూడండి అన్నాడు. ఊరికే చూశాను."

ఆ మాటతో అమ్మమ్మ తలెత్తి ఎదురుగా చూసింది. ఫోటోలో మొహం అదే. కళ్లు వాచి, పెదాలు గట్టిగా మూసుకుని, తన ముందున్నది ఏదీ కనపడనట్టు చూస్తున్న యాభై ఆరేళ్ల మనిషి. పిట్ట ఆ కార్డుని ఎన్నిసార్లో చూసింది, ఫోటో బాగా రాలేదని వెక్కిరించింది కూడా. ఇప్పుడు అది గుర్తొచ్చి ఒక్కసారిగా బావురుమంది. అమ్మమ్మని గట్టిగా పట్టేసుకుని, ఐదేళ్ల పిల్ల ఏడ్చినట్టే ఏడ్చింది.

"నాకేం గుర్తులేదు అమ్మమ్మా. ఒక్కటీ గుర్తులేదు."

"గుర్తుండకూడదనే కదే నేను ఎత్తలేదు" అంది అమ్మమ్మ. "తప్పు చేశానేమో."

కౌంటర్ ఆవిడ కార్డు తీసుకుంది. ఫోటో ఒకసారి చూసింది, మనిషిని చూడటానికి తలెత్తి, చూడలేక కిందికి దించుకుంది. "సరిపోయిందండీ" అంది మెల్లగా. తాళంచెవి ఇచ్చింది, రెండు తువ్వాళ్లిచ్చింది, ఇంకొకటి కూడా తీసి పైన పెట్టింది. వాళ్లు గదిలోకెళ్లిన కాసేపటికి టీ, బన్నూ పైకొచ్చాయి, చెప్పకుండానే.

బయట ఇంకా వెలుతురుండగానే అమ్మమ్మ కాళ్లు చాపుకుని పడుకుంది. పిట్ట పక్కన కూర్చుని గురక వినపడేదాకా చూసింది. గురకతో పాటే మిగిలిన ఏళ్లూ వచ్చేశాయి, మెడ కింద ముడతలు, చెంప మీద మచ్చ, అన్నీ ఎక్కడివక్కడ. ఆ మధ్యాహ్నం బస్సులో తన పక్కన నవ్విన జడపిల్ల మాత్రం పిట్టకి మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు. ఇంకాసేపు సరిగ్గా మాట్లాడి ఉండాల్సింది అని తర్వాత చాలాసార్లు అనుకుంది.

పొద్దున్న కాలేజీలో గార్డియనెవరని అడిగితే అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని "నేనే" అంది. సంతకం పెట్టమన్నచోట పెట్టింది, పెట్టొద్దన్నచోట కూడా ఒకటి పెట్టింది. సీటు ఖాయమైంది. హాస్టలు గది కిటికీలు, స్నానాల గది గొళ్లేలు, వంటమనిషి గోళ్లు అన్నీ అమ్మమ్మే స్వయంగా పరీక్ష చేసి, పర్వాలేదంది.

తిరుగు బస్సులో అలవాటు ప్రకారం రెండు ఫుల్ టికెట్లు కొంది. పిట్ట పిన్నీసుల డబ్బా తీసి ఒళ్లో సిద్ధంగా పెట్టుకుంది. సీటొచ్చిన సంతోషమంతా ఒక పక్క, టైలరమ్మ మాట ఒక పక్క. వచ్చే నెల్లో తను హాస్టల్‌కి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఈ డబ్బా పట్టుకుని ఈవిడ పక్కన ఎవరు కూర్చుంటారు? తను సెలవులకి వచ్చేదాకా ఒకర్నొకరు చూసుకోవడమే ఉండదు కదా.

మొదటి స్టాపు వచ్చింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. తలుపు పడ్డాక పిట్ట మెల్లగా అడిగింది.

"అమ్మ బస్సెక్కితే ఎక్కడ కూర్చునేది అమ్మమ్మా?"

అమ్మమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. పిట్ట అడక్కుండా ఉండాల్సింది అనుకునేలోగా, "కూర్చునేదెక్కడే!" అంది. "సీటు ఖాళీగా ఉన్నా నిలబడేది. కూర్చుంటే బట్టలు నలుగుతాయట. మహారాణి!"

"నిజంగానా?"

"ఒకసారి ఫుట్‌బోర్డు మీద నిలబడి చెప్పు పారేసుకుంది. ఒంటి చెప్పుతో ఇంటికొచ్చి, రెండోది నేనే దాచానని నా మీద పోట్లాడింది."

రెండో స్టాపులో అమ్మకి లెక్కలు రావని తెలిసింది. మూడో స్టాపులో అమ్మ పెళ్లిచూపులప్పుడు నాన్నని లారీకి హారన్ ఎందుకంత గట్టిగా ఉంటుందని అడిగిందనీ, ఆయన పాపం సిగ్గుతో జవాబు చెప్పలేకపోయాడనీ తెలిసింది. టీ కోసం ఆపినచోట ఇద్దరూ దిగకుండా మాట్లాడుకుంటూనే ఉన్నారు. అమ్మ చివరి జ్వరం గురించి కూడా చెప్పింది అమ్మమ్మ, ఏదీ దాచకుండా. ఆ కాసేపూ ఇద్దరూ ఏడ్చారు. తర్వాత అమ్మ పాడే పాట ఒకటి ఎంత అపశ్రుతిగా పాడేదో పాడి చూపిస్తే, ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

పిట్ట ఒళ్లో డబ్బా సంగతే మర్చిపోయింది.

బస్సు ఎక్కడో ఆగి, చెకింగ్ ఆయన ఎక్కాడు. అందరివీ చూసుకుంటూ వీళ్లదాకా వచ్చి, టికెట్లు తీసుకున్నాడు. అమ్మమ్మ వంక చూసి, టికెట్ వంక చూసి, మళ్లీ అమ్మమ్మ వంక చూశాడు.

"ఇదేంటమ్మా, మీరు ఫుల్ టికెట్ తీసుకున్నారేంటి? మీకు పెద్దవాళ్ల టికెట్ ఉంటుంది కదా. ఈ వయసులో వాడుకోకపోతే ఇంకెప్పుడు వాడుకుంటారు?"

పిట్ట గిరుక్కున తిరిగింది. తెల్లజుట్టు. ఎక్కేటప్పుడు ఎలా ఉందో అలాగే, వెంట్రుక కూడా తేడా లేకుండా, తెల్లగా. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. ముందుపళ్ల మధ్య సందూ ఉంది.

అమ్మమ్మ ముందు నమ్మలేదు. పాపిడి తడుముకుంది, జుట్టు కొస ముందుకి లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "వంతెన వచ్చిందా పిట్టా?"

"ఎప్పుడో దాటేశాం అమ్మమ్మా."

చెకింగ్ ఆయన ఈ ఇద్దరూ ఎందుకిలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారో తెలీక, టికెట్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఈసారికి పోనీలే నాయనా" అంది అమ్మమ్మ, టికెట్ అందుకుంటూ. "వచ్చే నెలాఖరుకి దీన్ని చూడ్డానికి ఒక్కదాన్నే వస్తాను. అప్పుడు తీసుకుంటాను."

ఆయన ముందుకెళ్లాక ఓ మూలుగు మూలిగి, "మోకాళ్లు పట్టేశాయే, కాస్త నొక్కు" అని రెండు కాళ్లూ ఎత్తి పిట్ట ఒళ్లో పెట్టింది.